అనుమతి వేళలు

దంతులూరి రామభద్రరాజు గారి ఎడమ మోకాలు నొప్పి సంగతి మొదట తెలిసింది వారి భార్యకు. ఆ తరువాత వారి ఫోనుకు.

ఒక ఆదివారం అన్నవరం నుంచి కాకినాడకు కారులో వస్తూ, "మోకాలు పీకేస్తోందే" అని ఆయన భార్యతో అన్నారు. మరునాడు ఉదయం ఫోను తెరిచేసరికి మోకాలి తైలాల ప్రకటనలు పదకొండు వరుసగా నిలుచుని ఉన్నాయి. వాటిలో ఒక కంపెనీ తైలంతో పాటు చేతికర్ర ఉచితంగా ఇస్తానంది. తైలాన్ని ఆయన క్షమించగలిగేవారు. చేతికర్రను క్షమించలేకపోయారు.

రాజు గారు తీరప్రాంత ఆటుపోట్ల నమోదు కార్యాలయానికి ఉపసంచాలకులు. రేవు దగ్గర నీళ్ళలో పాతిన అంకెల స్తంభం ఒకటి ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సముద్రం ఆ స్తంభం మీద ఏ అంకె దాకా వచ్చిందో చూసి హెడ్డాఫీసుకు పంపడం ఆ కార్యాలయం పని. సిబ్బంది పందొమ్మిది మంది. వారిలో ఒకరు సముద్రాన్ని చూస్తారు. తక్కిన పద్దెనిమిది మంది ఆ ఒకరిని చూస్తారు.

ఆ ఒకరు సీనియర్ అసిస్టెంటు ఓలేటి విశ్వపతి. వయసు యాభై మూడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో పై అధికారికి ఆయన ఎదురు చెప్పిన దాఖలా లేదు. సౌమ్యుడని అందరూ అనేవారు. నిజానికి ఆయన సౌమ్యుడు కాడు. జవాబు ఆయనకు ఆలస్యంగా తట్టేది, అంతే. ఉదయం పదకొండుకు అన్న మాటకు సరైన సమాధానం సాయంత్రం ఆరుకు, రేవు మెట్ల మీద, అంకెలు చూసే వేళకు వచ్చేది. ఎంత చక్కని సమాధానమైనా ఏడు గంటల తరువాత దానిని పట్టుకుని ఎవరి దగ్గరకు వెళ్ళగలం? చాలా ఏళ్ళు వాటిని మింగేశాడు. నాలుగేళ్ళ క్రితం ఫోనులో మాటలు రికార్డు చేసే యాప్ ఉందని తెలిసింది. అప్పటి నుంచి సాయంత్రం అంకె పంపగానే ఫోను చెవికి ఆనించుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నవాడిలా నటిస్తూ, ఆ రోజు చెప్పవలసిన జవాబు అందులో చెప్పేవాడు.

అలాంటివి నాలుగు వందల పన్నెండు పోగయ్యాయి. ఒకసారి పట్టికలో ఆరూ పదికి రావలసిన పోటు ఆరూ నలభైకి వచ్చింది. రాజు గారు విశ్వపతికి మెమో ఇచ్చారు. "సముద్రం ఆలస్యంగా వస్తే నా హాజరులో కోత పెట్టకండి రాజు గారూ, దానికి వేరే హాజరు పట్టీ తెరవండి" అన్నది ఆ సాయంత్రపు జవాబు. వాటిలో అత్యధికం రాజు గారికి చెప్పవలసినవే. కొన్ని బావమరిదికి. ఓ పదిహేను తనకు తానే చెప్పుకున్నవి. అవి అన్నింటికంటే ఘాటైనవి. నాలుగు వందల పన్నెండింటిలో ఏ ఒక్కదాన్నీ ఆయన తిరిగి విన్నది లేదు. జిల్లా గ్రంథాలయంలో వేదాంతం అలమర దాదాపు పూర్తి చేసిన మనిషి ఆయన. తన్ను తాను తెలుసుకోవాలని పుస్తకాలన్నీ చెప్పాయి. తెలుసుకున్నాక ఆ వస్తువును ఎక్కడ దాచాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆయన ఫోనులో దాచాడు.

సోమవారం మధ్యాహ్నం రాజు గారు సమావేశం పిలిచారు.

"మన మాటలు ఎవరో వింటున్నారు," అన్నారు గంభీరంగా. "ఇవాళ నా మోకాలు. రేపు మన సముద్ర మట్టం. ఇది దేశ భద్రతకు సంబంధించిన విషయం."

సముద్ర మట్టం రేవు దగ్గర నిలబడితే ఎవరికైనా కనబడుతుందని విశ్వపతికి అనిపించింది. అప్పటికి మాట రూపం దాల్చలేదు.

"ఏ రకం ఫోను మన గుట్టు కాపాడుతుంది, ఏది మన చెప్పుచేతల్లో ఉంటుంది, తేల్చి ఒక వేదికను ఎంపిక చేయాలి. మీరాబీ, నీకు ఫోన్లు తెలుసు కదమ్మా. సభకు విన్నవించు."

డేటా ఎంట్రీ ఆపరేటరు మీరాబీ లేచి నిలబడింది. ఇద్దరు పిల్లల తల్లి. ఏ విషయాన్నయినా పిల్లలకు అన్నం కలిపిపెట్టినట్టు చెబుతుంది.

"మూడు రకాలండి. మొదటిది గేటున్న కాలనీ లాంటిదండి. లోపలంతా శుభ్రంగా ఉంటది, దొంగలు రారు. కానీ గోడకి మేకు కొట్టాలన్నా కాలనీ వాళ్ళు ఒప్పుకోవాలండి. రెండోది సంత లాంటిది. ఏదైనా దొరుకుద్ది, ఏదైనా పెట్టుకోవచ్చు. కాకపోతే మీరు వంకాయ పట్టుకు చూశారని పది కొట్లకి తెలిసిపోద్దండి."

"మోకాలు పట్టుకు చూసినా," అంది సూపరింటెండెంటు పేపకాయల నాగరత్నం, ఎవరి వైపూ చూడకుండా.

"మూడోది సొంతిల్లండి. 'స్వాధీన' అంటారు. వెనకాల కంపెనీ ఉండదు. తలుపులు మీరే వేసుకోవాలి, మీరే తీసుకోవాలి. ఏ యాప్ ఏది ముట్టుకోవాలన్నా ముందు మిమ్మల్ని అడుగుద్దండి. సర్వాధికారం ఫోను ఎవరిదో వాళ్ళదే."

రాజు గారు కుర్చీలో ముందుకు వంగారు. "అడుగుతుందా?"

"ప్రతిదానికీ అడుగుద్దండి. కెమెరా వాడుకోమంటారా, మాట వినమంటారా అని."

"ముప్పయ్యేళ్ళుగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు," అన్నారు రాజు గారు. ఆ గొంతులో నిజమైన తడి ఉంది. "హెడ్డాఫీసు చెప్పడం, నేను వినడం. అడిగే ఫోను అంటే మర్యాద తెలిసిన ఫోను. అదే ఖాయం చేస్తున్నాం."

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. దాని ప్రతిని విశ్వపతే రాశాడు. కార్యాలయంలో భాష తెలిసినవాడని ఆయనకు పేరు. "యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కొలతలను, సందేశములను పంపుటకై తాము వాడు సొంత ఫోనులయందు స్వాధీన వేదికను వారము దినములలో స్థాపించుకొనవలెను. వినియోగదారుని స్వేచ్ఛ ఇందుమూలముగా తప్పనిసరి చేయబడినది. ఉల్లంఘించినవారిపై చర్య తీసుకొనబడును."

వేదిక మారిస్తే ఫోనులో ఉన్నవన్నీ చెరిగిపోతాయని మీరాబీ చెప్పింది. పాత సరుకునంతా మూటగట్టి కొత్త వ్యవస్థలోకి మార్చవచ్చు. ఆ మూటకు తాళం ఉంటుంది. మొదటిసారి విప్పేటప్పుడు అనుమతి అడుగుతుంది. అనుమతిస్తే విచ్చుకుంటుంది. నిరాకరిస్తే చెరిగిపోతుంది, మళ్ళీ రాదు.

"అయితే కాపాడవలసినది ఏమిటో ముందు కార్యాలయానికి తెలియాలి," అన్నారు రాజు గారు. "ఏది రహస్యమో తెలియకుండా రహస్యాన్ని ఎలా కాపాడతాం? విశ్వపతీ, ఒక నమూనా పత్రం తయారుచెయ్యి."

విశ్వపతి తయారుచేశాడు. ఆయన బలహీనత అదే. పత్రం తయారుచేయమంటే ఖాళీ వదలలేడు. క్రమసంఖ్య, పేరు, హోదా, రహస్యము, రహస్యము యొక్క స్వభావము, ఎవరి నుండి దాచవలెను, ఎప్పటి నుండి దాచబడుచున్నది. ఏడు గడులు. రాసి చూసుకుంటే ముచ్చటగా ఉంది. ఎప్పటి నుండి అన్న గడి దగ్గర మాత్రం, తన ఉరికి తానే ముడి వేసుకుంటున్నట్టు ఒక క్షణం తోచింది. కానీ ముడి బాగా కుదిరింది. అలాగే ఉంచాడు.

పందొమ్మిది మందీ నాలుగో గడిలో "లేవు" అని రాసి ఇచ్చారు.

రాజు గారు పందొమ్మిదింటినీ తిప్పిపంపారు. "రహస్యములు లేనిచో గోప్యత అనవసరము. గోప్యత అనవసరమైనచో ఈ కార్యాలయము చేపట్టిన కార్యక్రమము వృథాయని ఆడిటులో అభ్యంతరము రాగలదు. కావున ప్రతి ఉద్యోగియు మూడింటికి తగ్గకుండ రహస్యములు చూపవలెను."

ఆ వారమంతా కార్యాలయంలో రహస్యాల కోసం జనం తలలు పట్టుకున్నారు. ఉన్నవాటిని రాయడానికి భయం, లేనివాటిని పుట్టించడానికి ఊహ చాలదు. ఒకరి దగ్గర మూడుకు మించి ఉంటే పక్కవారు ఒకటి అడిగి పుచ్చుకున్నారు. పత్రాలన్నీ పైన "పరమ గోప్యము" అన్న ముద్రతో లోపలికి వచ్చాయి. వచ్చిన ప్రతి కాగితాన్నీ ఆవక రిజిస్టరులో ఎక్కించాలి కనుక ఎక్కించారు. రిజిస్టరులో "విషయము" అని ఒక గడి ఉంది. అందులో గుండ్రని చేతిరాతతో "శ్రీమతి పి. నాగరత్నము, సూపరింటెండెంటు, కార్తీక మాసములో రొయ్యల ఇగురు భుజించుట గురించి" అని పడింది. ఆ రిజిస్టరు గుమ్మం పక్కన బల్ల మీద, వచ్చేపోయేవాళ్ళు సంతకం పెట్టేచోట ఉంటుంది.

"మా అత్తగారికి తెలిస్తే నన్ను సముద్రంలో కలిపేస్తారండి," అంది నాగరత్నం విశ్వపతితో. "మీరేం రాశారు?"

"పెరుగన్నంలో పంచదార వేసుకుంటానని, చిన్నప్పుడు లెక్కల్లో తప్పానని, దేవుడి మీద అనుమానం ఉందని."

"నిజాలేనా?"

"మొదటి రెండూ కాదండి."

అసలు రహస్యం ఆయన రాయలేదు. వేదిక మార్చడానికి ఫోను మీరాబీ చేతికి ఇచ్చే ముందు రోజు రికార్డింగులన్నీ తుడిచేద్దామని కూర్చున్నాడు. నాలుగు వందల పన్నెండింటినీ శాశ్వతంగా తొలగించాలా అని ఫోను అడిగింది. నాలుగేళ్ళలో తాను ఒప్పుగా ఉన్న సందర్భాలన్నీ అందులోనే ఉన్నాయి. బయట ఎక్కడా ఒక్క నకలూ లేదు. తుడవలేదు. మూటకు తాళం ఉంటుంది కదా అనుకున్నాడు.

స్వాధీన వేదిక నెలకొన్న మొదటి ఉదయం విశ్వపతి రేవుకు వెళ్ళాడు. స్తంభం మీద సముద్రం ఒకటీ నలభై అంకె దగ్గర ఉంది. కొలత పంపే యాప్ స్తంభాన్ని ఫోటో తీసి పంపుతుంది. ఆయన దానిని తెరవగానే తెర మీద తెల్లని పెట్టె ఒకటి వచ్చింది. "ఈ యాప్ కెమెరాను వాడుకొనుటకు మీ అనుమతి కోరుచున్నది." కింద రెండు మీటలు. అనుమతించు. నిరాకరించు.

బొటనవేలు గాలిలో ఆగిపోయింది.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఎన్నో అనుమతులు కోరాడు. కోరడంలో ఆయన ప్రవీణుడు. "తమ అనుమతికై సవినయముగా సమర్పించడమైనది" అని ఆయన రాసినట్టు జిల్లాలో మరొకరు రాయలేరు. అనుమతి ఇవ్వడం మాత్రం ఆయన ఎన్నడూ చేయలేదు. ఇచ్చే అధికారం తనకు ఉన్నట్టు ఏ ఉత్తర్వులోనూ లేదు. రేపు ఎవరైనా, ఏ అధికారంతో కెమెరాను అనుమతించారని అడిగితే?

పక్కన పడవలో వల సర్దుకుంటున్న ఎల్లారావు చూశాడు. "ఏటి పంతులు గారూ, ఇయ్యాల అంకె రాయలేదు?"

పడవల వాళ్ళ కోసం రేవులో ఒక నల్లబల్ల ఉంటుంది. రోజూ ఆ బల్ల మీద విశ్వపతి సముద్ర మట్టం సుద్దతో రాస్తాడు. హెడ్డాఫీసుకు చేరని అంకెను ప్రజలకు వెల్లడించడం నిబంధనలకు విరుద్ధం. కాసేపు ఆలోచించి ఆయన, "సముద్ర మట్టము: పరిశీలనలో ఉన్నది" అని రాశాడు.

ఎల్లారావు బల్లను చూసి, నీళ్ళను చూసి, మళ్ళీ బల్లను చూశాడు. "నీల్లు కనబడతన్నాయి కదండీ బాబూ."

"కనబడుతున్నాయి. ధ్రువీకరణ కాలేదు."

"ఓహో," అన్నాడు ఎల్లారావు, రోగి బంధువుతో మాట్లాడినట్టు మెల్లగా. పడవ తోసుకుని వెళ్ళిపోయాడు.

విశ్వపతి తెర మీది ప్రశ్నను కాగితం మీదకు ఎక్కించి ఫైలు పెట్టాడు. నాగరత్నం దాని కింద తన నోటు రాసింది. "కెమెరా కలదు. సముద్రము కలదు. రెంటి నడుమ అనుమతి లేదు. ఐదు దినముల సెలవు మంజూరు చేయుటకు తప్ప ఈ సీటుకు అధికారము లేనందున, తగు ఉత్తర్వులకై పైకి పంపడమైనది." రాజు గారు "మాట్లాడండి" అని రాసి దించారు. మాట్లాడారు. "పూర్వము ఇటువంటి సందర్భము కలదా?" అని రాసి మళ్ళీ దించారు. ఈలోగా ఫోను మరో మూడు అనుమతులు కోరింది. మూడు ఫైళ్ళు తెరిచారు. పదకొండు రోజులు గడిచాయి. సముద్రం పరిశీలనలోనే ఉంది.

పన్నెండో రోజున హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. "ఈ నెల నాలుగవ తేదీ నుండి మీ సముద్రము మాకు అందుట లేదు. కారణము తెలుపుడు."

రాజు గారు ఆ మెమోను రెండుసార్లు చదివి, కళ్ళు మూసుకుని, ఒక పరిష్కారం కనుగొన్నారు. అనుమతి ఇవ్వగల అధికారి కార్యాలయంలో ఒక్కరే ఉన్నారు. ఫోనులు మాత్రం పందొమ్మిది చోట్ల తిరుగుతున్నాయి. అధికారి ఫోనుల వెంట తిరగలేరు కనుక ఫోనులే అధికారి దగ్గర ఉండాలి. ఆ సాయంత్రానికే రాజు గారి గదిలో పొడుగాటి బల్ల వేశారు. ఫోనులకు అంకెల చీటీలు కట్టి వరుసగా పేర్చారు. గోడ మీద బోర్డు పెట్టారు. "అనుమతి వేళలు: 11-00 నుండి 12-30 వరకు." ఉదయం ఆరింటి సముద్రాన్నీ, సాయంత్రం ఆరింటి సముద్రాన్నీ ఇకపై అనుమతి వేళల్లోనే, ఫోను రేవుకు పట్టుకెళ్ళి చూడాలని సవరణ ఉత్తర్వు వచ్చింది. అంకెలు ఎవరికీ అర్థం కాకుండా పోయాయి గాని, క్రమం తప్పకుండా అందసాగాయి. హెడ్డాఫీసు సంతృప్తి ప్రకటించింది.

అప్పటి నుంచి అందరి గోప్యతా రాజు గారి బొటనవేలి కింద భద్రంగా ఉంది. బల్ల చివర కుర్చీ వేసుకుని ఆయన ఒక్కొక్క ఫోనూ వరుసగా చూస్తూ వచ్చేవారు. అలసట ఎరగరు. మోకాలు నొప్పి కూడా తగ్గిందని చెప్పుకున్నారు.

"నాలుగో నంబరు," అనేవారు. "నాగరత్నం గారూ, 'అత్తగారు' అన్న పేరుతో ఎవరో పిలుస్తున్నారు. మీ ఫోను ఈ పిలుపు చూపించమంటారా అని అడుగుతోంది. ఎవరీవిడ?"

"మా అత్తగారేనండి."

"ఏ విషయమై పిలుస్తున్నట్టు?"

"అది ఎత్తితే గాని తెలియదండి."

"విషయం తెలియకుండా అనుమతి ఎలా ఇస్తాను? విషయం రాతపూర్వకంగా తెప్పించండి."

నాగరత్నం బయటికి వచ్చి విశ్వపతి బల్ల దగ్గర ఆగింది. "ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆవిడ ఫోను నాకు అందకపోవడం ఇదే మొదటిసారండి. ఈ వ్యవస్థని మరీ అంత తిట్టకండి."

విశ్వపతి తిట్టలేదు. తిట్టు తట్టేసరికి సాయంత్రమయ్యేది, ఫోను రాజు గారి అలమరలో తాళం కింద ఉండేది. అలవాటు కొద్దీ రేవు మెట్ల మీద నిలబడితే ఆ రోజు జవాబు గొంతు దాకా వచ్చి, పెట్టుకునే చోటు లేక అక్కడే కదులుతూ ఉండేది. కొన్నాళ్ళకు గొంతు నొప్పి మొదలైంది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు.

ఒక బుధవారం పదకొండున్నరకు పిలుపు వచ్చింది.

"ఏవయ్యా విశ్వపతీ. ఏడో నంబరు నీదే కదా? చూడు ఏమంటోందో."

తెర మీద తెల్లని పెట్టె. "పాత మూటలోని 412 రికార్డింగులను తెరచుటకు మీ అనుమతి కోరుచున్నది."

"నాలుగు వందల పన్నెండు," అన్నారు రాజు గారు. "పాటలా?"

"కాదండి."

"మరి?"

విశ్వపతికి ఏమీ తట్టలేదు. అప్పటికి ఇంకా పదకొండున్నరే.

"నీ పత్రంలో పంచదార ఉంది, లెక్కలున్నాయి, దేవుడున్నాడు. ఇవి లేవు. అంటే వెల్లడించని రహస్యం. అంటే కాపాడబడని రహస్యం. నీ మంచికే చెబుతున్నా. ఏముందో వినకుండా అనుమతి ఇస్తే రేపు నీ గోప్యతకు భంగం వాటిల్లితే బాధ్యత ఎవరిది?"

ఉత్తర్వు ఆ మధ్యాహ్నమే వెలువడింది. దాని ప్రతి కూడా విశ్వపతే రాశాడు, రాయమన్నారు గనుక. "శ్రీ ఓలేటి విశ్వపతి, సీనియర్ అసిస్టెంటు వారి వ్యక్తిగత గోప్యతను పరిరక్షించు నిమిత్తము, వారికి చెందిన 412 శబ్దములను కమిటీ శనివారము 11 గంటలకు ఆమూలాగ్రముగా ఆలకించును." ఆలకించు అన్న మాట దగ్గర రాజు గారు మెచ్చుకున్నారు.

మూడు రోజులున్నాయి. విశ్వపతి ఉద్యోగం గురించే భయపడ్డాడని చెప్పడం తేలిక. భయపడ్డాడు కూడా, ఆ జవాబుల్లో ఒక్క పది వింటే చాలు, రాజు గారు ఆయనను సముద్రమే లేని జిల్లాకు బదిలీ చేయగలరు. కానీ రేవు మెట్ల మీద కూర్చుని లోపలికి చూసుకుంటే, అడుగున ఉన్న భయం వేరే. ఇంతకాలం తనలో ఒక ధైర్యవంతుడు ఉన్నాడని ఆయన నమ్మకం. రికార్డింగులు విన్నవారికి ఆ ధైర్యవంతుడు సాయంత్రం ఆరు తరువాతే, ఎవరూ లేనిచోటే డ్యూటీకి వస్తాడని తెలిసిపోతుంది. వారితో పాటు తనకూ తెలుస్తుంది. తాను ఒక్కసారీ ఎందుకు వినలేదో ఆయనకు అప్పుడు అర్థమైంది.

శుక్రవారం సాయంత్రం మీరాబీ బస్టాపు దాకా వెంట వచ్చింది.

"సార్, ఆ మూటలో ఏముందో నాకు తెలీదు, చెప్పొద్దు కూడా. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. 'నిరాకరించు' నొక్కితే మొత్తం పోద్ది. నేను కూడా తేలేను."

"ఇంతవరకు ఎవరైనా నొక్కారా అమ్మా అది?"

"మన ఆఫీసులోనా అండి?" అని నవ్వింది. "అసలు పనిచేస్తదో లేదో కూడా తెలీదు."

శనివారం పదకొండింటికి రాజు గారి గదిలో కమిటీ కొలువుదీరింది. అధ్యక్షులు రాజు గారు. సభ్యురాలు నాగరత్నం. సాంకేతిక సహాయం మీరాబీ. నాలుగు వందల పన్నెండు శబ్దాలకు భోజన విరామంతో సహా రెండు రోజులు పడుతుందని అంచనా వేసి, ఫ్లాస్కులో టీ తెప్పించారు. ఏడో నంబరు ఫోను బల్ల మధ్య వెల్లకిలా పడుకుని ఉంది. తెర మీద పెట్టె ఓపికగా ఎదురుచూస్తోంది.

"ప్రారంభిద్దాం," అని రాజు గారు బొటనవేలు చాచారు.

"వద్దండి," అన్నాడు విశ్వపతి.

ఆ గొంతు ఎవరిదో తెలియనట్టు రాజు గారు నాగరత్నం వైపు చూశారు. నాగరత్నం ఫ్లాస్కు వైపు చూసింది.

"వద్దంటే?"

"అనుమతి లేదండి."

"ఎవరి అనుమతి? ఇవ్వవలసినవాడిని నేను ఇక్కడ కూర్చుంటే."

"నాదండి."

రాజు గారికి కోపం రాలేదు. నిజంగానే అయోమయం కలిగింది. "నాగరత్నం గారూ, సబార్డినేటు అనుమతి నిరాకరించవచ్చునా? మాన్యువల్ ఏమంటోంది?"

నాగరత్నం మాన్యువల్ తెరిచింది. చాలా పుటలు తిప్పింది. "అనుమతించడమైనది అని ఉందండి. మాట్లాడండి అని ఉంది. తిప్పి పంపడమైనది, పరిశీలనలో ఉన్నది, ఇవన్నీ ఉన్నాయి. నిరాకరించే ఖాళీ మాత్రం ఎక్కడా లేదండి. ఎవరికీ లేదు. తమరికి కూడా."

"అయితే హెడ్డాఫీసును వివరణ కోరదాం. అంతదాకా విచారణ కొనసాగనీ," అని రాజు గారు మళ్ళీ వేలు చాచారు.

విశ్వపతి చెయ్యి బల్ల మీదుగా వచ్చింది. ఆ చేతికి తొందర లేదు, కానీ ముందుగా చేరింది. 'నిరాకరించు' మీటను నొక్కింది.

పెట్టె మాయమైంది. నాలుగేళ్ళ జవాబులూ, బావమరిది, తనకు తాను చెప్పుకున్న ఆ పదిహేనూ, ఒక చిన్న టక్కుమన్న చప్పుడుతో వెళ్ళిపోయాయి. తెర మీద ఒకే వాక్యం మిగిలింది. "మీ నిర్ణయము అమలైనది."

"పనిచేసింది," అంది మీరాబీ, తనలో తాను.

విశ్వపతి ఖాళీ తెరను చూశాడు. దుఃఖం వస్తుందని ఎదురుచూశాడు, రాలేదు. గొంతులో ఇన్నాళ్ళుగా కదులుతున్నది మాత్రం ఇంకా అక్కడే ఉంది. అది ఫోనులో ఎన్నడూ లేదు.

రాజు గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలో, ఎవరో తన చేతిలోని కాగితం లాక్కున్నట్టు, అధికారి మొహం కాక మనిషి మొహం బయటపడింది.

"అంత దాచుకోవలసింది ఏముందయ్యా అందులో?"

సమాధానం తట్టింది. విశ్వపతి గోడ గడియారం చూశాడు. పదకొండూ పది. ఆయన జీవితంలో అంత పెందలాడే ఎన్నడూ తట్టలేదు.

"తమరితో చెప్పవలసినవేనండి. ఇకనుంచి ఎప్పటివి అప్పుడే చెబుతాను."

"ఎప్పటివి అప్పుడే," అన్నారు రాజు గారు, ఆ మాటలను ఒక్కొక్కటిగా తడుముతూ. "అంటే, రాతపూర్వకంగా పెడతావు."

"లేదండి. నోటితోనే. ఇప్పుడే ఒకటి ఉంది."

"దానికి ముందు కమిటీ..."

"కమిటీ కూర్చునే ఉంది కదండీ," అంది నాగరత్నం. కుర్చీ ముందుకు లాక్కుని, ఫ్లాస్కు మూత విప్పి, ముగ్గురికీ టీ పోసింది. నాలుగో కప్పు విశ్వపతి ముందు పెట్టింది.

బయట హాల్లో టైపు చప్పుళ్ళు ఆగిపోయాయి. పద్దెనిమిది మందిలో మిగిలినవారు ఎవరి బల్లల దగ్గర వారు, తలలు ఎత్తకుండా, ఇటే వింటున్నారు. మీరాబీ లేచి తలుపు మూయబోయింది.

"వద్దమ్మా," అన్నాడు విశ్వపతి. "తెరిచే ఉండనీ."